ఫ్రీజర్ బాగుంది, కింద చల్లదనం లేదు: ఫ్రిజ్ నేనే విప్పి బాగుచేసిన అనుభవం

మాది రెండు తలుపుల ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్. పైన ఫ్రీజర్‌లో ఐస్ గట్టిగానే ఉంది, కింది అరలో సీసాలు మాత్రం చల్లబడటం లేదు. కంప్రెసర్ ఆగకుండా నడుస్తోంది. ఇలాంటప్పుడు ఎవరినడిగినా ముందు వచ్చే మాట "గ్యాస్ అయిపోయి ఉంటుంది" అని. గ్యాస్ వాడేకొద్దీ తరిగిపోయేది కాదు. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకయినట్టే. కాబట్టి గ్యాస్ మాట చివరికి వదిలేసి, ఫ్రీజర్ వెనక పలక విప్పి మంచు ఎలా పట్టిందో చూడటం దగ్గర మొదలుపెట్టాను. నా లెక్కలో అన్నిటికన్నా నిజం చెప్పేది ఆ మంచే.

ఈ రకం ఫ్రిజ్‌లు చాలావాటిలో చల్లబరిచే కాయిల్ ఒక్కటే ఉంటుంది. అది ఫ్రీజర్ వెనక ప్లాస్టిక్ పలక చాటున ఉంటుంది. ఫ్యాన్ ఆ చలిగాలిని ఫ్రీజర్‌లోకి తోస్తుంది, అందులో కొంత సందు గుండా కిందికి దిగుతుంది. కింది అరకు సొంత చలి అంటూ లేదు. గాలి దారి మూసుకుపోతే ముందు దెబ్బతినేది అదే.

విప్పే ముందు పైపై పరీక్షలు చేశాను. గ్లాసు నీళ్లలో థర్మామీటర్ పెట్టి కింది అరలో ఉంచాను. గాలిలో ఉంచితే తలుపు తీసినప్పుడల్లా అంకె మారిపోతుంది, నీళ్లలో నిలకడగా ఉంటుంది. కింద 4 డిగ్రీలు, ఫ్రీజర్‌లో మైనస్ 18 ఉండాలి. నా ఫ్రిజ్‌లో కింద 14 చూపించింది. తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి లాగితే బిగువుగానే వచ్చింది. తలుపు తెరిస్తే ఫ్యాన్ ఆగిపోయే మోడల్ కాబట్టి డోర్ స్విచ్ వేలితో నొక్కి పట్టుకుని విన్నాను. ఫ్యాన్ తిరుగుతోంది, కానీ గాలి రావాల్సిన సందు దగ్గర చెయ్యి పెడితే ఏమీ తగల్లేదు. అంటే అడ్డం పడింది కాయిల్ దగ్గరే.

ప్లగ్ పీకేశాను. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకాల్సిందే. ఫ్రీజర్ ఖాళీ చేసి పలక స్క్రూలు తీశాను. పలక వెంటనే ఊడి రాకపోతే వెనక మంచు పట్టి ఉందని అర్థం. బలంగా లాగితే పలక విరుగుతుంది. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డ అంచుల వెంట అద్దితే వదులవుతుంది.

పలక తీశాక కనిపించే మంచును చదవడం తెలియాలి. కాయిల్ అంతా సమానంగా పల్చటి మంచు ఉంటే గ్యాస్ బాగానే ఉంది. మొదటి రెండు మూడు మలుపుల మీదే మంచు ఉండి మిగతా గొట్టం పొడిగా ఉంటే గ్యాస్ తగ్గింది, లేదా కాయిల్‌లోకి గ్యాస్ తెచ్చే సన్న గొట్టం పూడుకుపోతోంది. అసలేమీ లేకుండా, కంప్రెసర్ నడిచినా కాయిల్ వెచ్చగానే ఉంటే గ్యాస్ పూర్తిగా పోయింది, లేదా కంప్రెసర్ తోయడం లేదు. నాకు కనిపించింది ఈ మూడూ కాదు. కాయిల్ రేకులు కనబడకుండా తెల్లటి దిట్టమైన మంచు గోడ. డీఫ్రాస్ట్, అంటే కాయిల్ మీది మంచును ఫ్రిజ్ తనంతట తానే హీటర్‌తో కరిగించుకోవడం, జరగడం లేదన్నమాట.

ఇక్కడ చాలామంది వెంటనే మంచు కరిగించేస్తారు. మంచు పోతే ఫ్రిజ్ కొన్నాళ్లు బ్రహ్మాండంగా పనిచేసి, మళ్లీ మొదటికొస్తుంది. కరిగించే ముందు మల్టీమీటర్ పెట్టి కరెంటు దారి ఎక్కడ తెగిందో చూడాలి. ఎందుకో బైమెటల్ (చలిని బట్టి కరెంటు కలిపి, తెంచే చిన్న స్విచ్) దగ్గర తెలుస్తుంది.

డీఫ్రాస్ట్ వరసలో నాలుగు భాగాలు: టైమర్, బైమెటల్, థర్మల్ ఫ్యూజ్ (వేడి మరీ మించితే తెగిపోయేది), హీటర్. టైమర్ 6 నుంచి 12 గంటలు కంప్రెసర్‌ను నడిపి, తర్వాత దాన్ని ఆపి హీటర్‌కు కరెంటు ఇస్తుంది. ఒక్కటి తెగినా హీటర్ వెలగదు. కొత్త మోడళ్లలో టైమర్ బదులు బోర్డు, బైమెటల్ బదులు సెన్సర్ ఉంటాయి. ఆ సెన్సర్ రెసిస్టెన్స్ చలి పెరిగేకొద్దీ పెరగాలి.

కనెక్టర్ ఊడదీసి ఒక్కోదాన్నీ విడిగా కొలిచాను. హీటర్ లెక్క తేలిక. సరఫరా 230 వోల్టులు, హీటర్ 200 వాట్లు అయితే 230ని 230తో గుణించి 200తో భాగించాలి: సుమారు 264 ఓములు. 150 వాట్లదైతే 350 దగ్గర. నా హీటర్ అంకె సరిపోయింది. థర్మల్ ఫ్యూజ్ వేడిగా ఉన్నా చల్లగా ఉన్నా కంటిన్యూటీ (కరెంటు దారి తెగలేదని) చూపించాలి, చూపించింది. మిగిలింది బైమెటల్. ఇది గడ్డకట్టే చలిలో మూసుకుంటుంది, అంటే కరెంటు పోనిస్తుంది; మంచు కరిగి కాయిల్ వెచ్చబడ్డాక తెరుచుకుంటుంది, కరెంటు తెంచేస్తుంది. కాబట్టి గది వేడిలో కొలిస్తే బాగున్నది కూడా తెగినట్టే కనిపిస్తుంది. మంచులో ఉండగానే కొలవాలనడం ఇందుకే. నాది మంచులో కూరుకుపోయి కూడా తెగినట్టే చూపించింది. దొంగ దొరికాడు. ముందే కరిగించేసి ఉంటే, ఐస్ ముక్కల్లో ఉప్పు కలిపి, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన బైమెటల్‌ను పావుగంట అందులో ఉంచి కొలవొచ్చు. మామూలు ఐస్ నీళ్లు సున్నా దగ్గరే ఆగిపోతాయి, కొన్ని బైమెటల్స్‌కు ఆ చలి చాలదు.

అప్పుడు మంచు కరిగించాను. తలుపులు తెరిచి, వేడినీళ్ల గిన్నె లోపల పెట్టి, కింద గుడ్డలు పరిచాను. కత్తి, స్క్రూడ్రైవర్ దగ్గరికి రానివ్వకండి. కాయిల్ పల్చటి అల్యూమినియం, చిన్న చిల్లు పడితే గ్యాస్ మొత్తం పోతుంది. పైగా ఇప్పటి ఫ్రిజ్‌లు చాలావాటిలో ఆర్600ఎ ఉంటుంది, అది మండే గ్యాస్. వెనక లేబుల్ మీద రాసి ఉంటుంది, చూసుకోండి. కాయిల్ అడుగున డ్రెయిన్ రంధ్రం కూడా ఐస్‌తో మూసుకుపోయి ఉంది. సిరంజితో గోరువెచ్చని నీళ్లు కొడితే తెరుచుకుంది.

కొత్త బైమెటల్ కొనేటప్పుడు పాతదాని మీద ముద్రించిన ఉష్ణోగ్రత, ఆంపియర్లు చూసి అదే తీసుకోవాలి. పాతది గొట్టం మీద ఎక్కడ క్లిప్ అయి ఉందో ఫొటో తీసుకున్నాను. హీటర్‌కు దగ్గరగా జరిపితే తొందరగా తెరుచుకుని మంచు సగమే కరుగుతుంది. వైర్లు కలిపాక జాయింట్లలోకి నీరు దిగకుండా వేడి తగిలితే బిగుసుకునే హీట్‌ష్రింక్ గొట్టం వేశాను. అక్కడ ఇన్సులేషన్ టేపు నిలవదు, తడికి ఊడిపోతుంది. బైమెటల్ తీసేసి వైర్లు నేరుగా కలపమనే సలహా కూడా వినిపిస్తుంది. టైమర్ వదిలే దాకా హీటర్ మండుతూనే ఉంటుంది, ప్లాస్టిక్ కరుగుతుంది, ఫ్యూజ్ పోతుంది. వద్దు.

బిగించాక వెంటనే డీఫ్రాస్ట్ పరీక్ష కుదరదు, బైమెటల్ చల్లబడి మూసుకోవాలి. కొన్ని గంటలు నడిపి, టైమర్ మీద గాడిని స్క్రూడ్రైవర్‌తో సవ్యదిశలో టక్‌మనే దాకా తిప్పాను. కంప్రెసర్ ఆగింది. వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్‌లో 0.9 ఆంపియర్ దాకా వచ్చింది, అంటే 200 వాట్ల హీటర్ వెలిగినట్టే. కాసేపటికి వెనక కంప్రెసర్ పైనున్న ట్రేలోకి నీళ్లు దిగాయి. కింది అర 4 డిగ్రీలకు చేరడానికి ఒక రోజు పడుతుంది, ఈలోగా నాబ్ ఎక్కువకు తిప్పి లాభం లేదు.

పైనా కిందా రెండూ వెచ్చబడి, వెనక కొన్ని నిమిషాలకోసారి టక్‌మని వినిపిస్తుంటే కథ వేరు. ముందు కంప్రెసర్ పక్కన గుచ్చి ఉండే స్టార్టింగ్ రిలే తీసి ఊపండి. లోపల గలగలమంటే పగిలిందని అర్థం, మార్చాలి. చప్పుడు లేకపోతే కంప్రెసర్ మూడు పిన్నుల మధ్య జంటజంటగా కొలవండి: రెండు చిన్న అంకెల మొత్తం మూడోదానికి సమానం కావాలి, ఏ పిన్నుకూ బాడీతో కంటిన్యూటీ ఉండకూడదు. ఇన్వర్టర్ కంప్రెసర్ (వేగం మార్చుకుంటూ నడిచేది) అయితే ఈ లెక్క చెల్లదు. అక్కడ మూడు అంకెలూ ఒకటే రావాలి, నేరుగా కరెంటు ఇస్తే కాలిపోతుంది. మంచు చూసి గ్యాస్ లీకని తేలితే అది ఇంట్లో చేసే పని కాదు. వ్యాక్యూమ్ పంపు, గ్రాములు తూచే కాటా ఉన్న మెకానిక్‌నే పిలవాలి.