వానలో ఆగిపోయే బండి: కోన్‌సెట్ దగ్గర దొరికిన చిలుము

మొత్తానికి దొరికింది! కిందటి వానాకాలం నుంచి సతాయిస్తున్న ఫాల్ట్ ఆదివారం మధ్యాహ్నం మీటర్ మీద కళ్లెదుటే కనిపించింది. ప్లగ్‌కి స్పార్క్ అందించే కాయిల్ దగ్గర 11.4 వోల్టులు ఉండాల్సింది 9.4కి దిగింది. హ్యాండిల్ ఎడమకి తిప్పితే 6.9. మీటర్ చూస్తున్న మా తమ్ముడు "అన్నా, పడిపోయింది, ఆరుకొచ్చేసింది!" అని అరిచాడు. బండి కొన్నరోజు కూడా నాకు ఇంత సంతోషం లేదు.

ముందు లక్షణాలు రాస్తాను, ఎందుకంటే జవాబు అందులోనే ఉంది. బండి 2014ది, సింగిల్ సిలిండర్, కార్బ్యురేటర్, హెడ్‌లైట్ బ్యాటరీ మీద నడుస్తుంది. పగలు ఎంత వాన కురిసినా ఆగదు. రాత్రి వానలో అరగంట తడిశాక, ఎడమ మలుపుల్లో రెండో గేర్లో నెమ్మదిగా తిరిగేటప్పుడు తాళం తీసేసినట్టు ఇంజిన్ ఆగుతుంది. హ్యాండిల్ నిటారుగా పెడితే మళ్లీ ప్రాణం వస్తుంది. పొద్దున్నే ఆరాక బటన్ నొక్కగానే స్టార్ట్. శ్రీశైలం నుంచి తిరిగొస్తూ నల్లమల ఘాట్‌లో ఇలా అయింది. అడవి దారి రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, ఆలోపు మన్ననూరు దాటాలి. ఆ టెన్షన్ మళ్లీ వద్దు.

అప్పుడు చూపిస్తే ఒక మెకానిక్ "కాయిల్ పోయిందన్నా, మార్చేద్దాం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. కాయిల్‌లో తేడా ఉంటే పగటి వానలోనూ ఆగాలి కదా. పగటికీ రాత్రికీ ఉన్న తేడా ఒక్కటే, హెడ్‌లైట్ స్విచ్. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లకి లైట్ ఎప్పుడూ వెలిగే ఉంటుంది కాబట్టి వాళ్లకి ఈ ఆధారం దొరకదు. నా బండికి స్విచ్ ఉండటం అదృష్టం. పైగా నేను కొనేటప్పటికే దీనికి 35 వాట్ల బల్బు తీసేసి 60/55 వాట్ల హెచ్4 బల్బు వేసి ఉంది. అంటే మూడు ఆంపియర్ల కోసం వేసిన తీగలో ఐదు ఆంపియర్లు పోతున్నాయి.

ఫాల్ట్‌ని ఇంటి దగ్గర రప్పించడమే అసలు కష్టం. పైపుతో నీళ్లు కొడితే ఏమీ కాలేదు. స్ప్రే బాటిల్‌తో ఒక్కో చోటే తడుపుతూ పోయాను. చీకట్లో ప్లగ్ క్యాప్ మీద నీలం మెరుపులు కనిపించాయి, అంటే స్పార్క్ బయటికి లీకవుతోంది. ఎన్‌జీకే కంపెనీ 5 కిలో ఓమ్స్ క్యాప్ వేశాను, పోయాయి. సైడ్ స్టాండ్ స్విచ్ శుభ్రం చేశాను. ఛార్జింగ్ 14.3 వోల్టులు, ఢోకా లేదు. అయినా అసలు ఫాల్ట్ అలాగే ఉంది.

పైపు నీళ్లు పైపైనే జారిపోతాయి. వానలో అరగంట నడిచిన బండిలో నీరు తీగ లోపలి రాగి పోగుల మధ్యకి ఎక్కుతుంది. అందుకే పాత కాటన్ పంచె ముక్క తడిపి, కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగ్) దగ్గర వైరింగ్ వంగే చోట చుట్టి, మధ్యమధ్యలో నీళ్లు పోస్తూ ఉంచాను. ఉప్పునీళ్లు వాడితే ఫాల్ట్ త్వరగా బయటపడుతుందని కొందరు చెబుతారు. దయచేసి వద్దు. ఫాల్ట్ దొరికాక కూడా ఉప్పు లోపలే ఉండి మిగతా జాయింట్లని తినేస్తుంది.

ఇంజిన్ ఆపి, తాళం ఆన్, హెడ్‌లైట్ ఆన్. బ్యాటరీ దగ్గర 12.1. మీటర్ నల్ల తీగని కాయిల్ వైపు, ఎర్ర తీగని బ్యాటరీ వైపు పెట్టి ఒక్కో ముక్క మీద ఎంత వోల్టేజ్ పోతోందో కొలిచాను. బ్యాటరీ నుంచి ఫ్యూజ్ దాటే వరకు 0.06. అక్కడి నుంచి ఇగ్నిషన్ స్విచ్ దాకా 0.11. స్విచ్ లోపల 0.18. హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే కిల్ స్విచ్, దాని తర్వాతి తీగ కలిపి 0.15. ఇవి పొడిగా ఉన్నా తడిగా ఉన్నా మారలేదు. మారింది ఒక్కటే: ఇగ్నిషన్ స్విచ్ నుంచి బయటికొచ్చిన తీగ హెడ్‌లైట్‌కి, కాయిల్‌కి చీలే చోటు వరకు. పొడిగా 0.2, తడి గుడ్డ చుట్టిన ఇరవై నిమిషాలకి 2.2. ఎడమకి తిప్పితే 4.7. హెడ్‌లైట్ ఆపేస్తే వెంటనే 0.3కి వచ్చేసింది, కరెంట్ తగ్గింది కాబట్టి. పగలు ఎందుకు ఆగలేదో అక్కడే తేలిపోయింది. స్పీడ్‌లో ఛార్జింగ్ 14 దాటుతుంది, ఈ నష్టాన్ని తట్టుకుంటుంది. మలుపులో ఆర్‌పీఎమ్ పడిపోయినప్పుడే కాయిల్‌కి చాలదు.

ఇదే చోటుని ఇంతకు ముందు మీటర్ బీప్ మోడ్‌లో (తీగ తెగకుండా ఉంటే కూస్తుంది) చూశాను, చక్కగా కూసింది. లెక్క వేస్తే కారణం తెలిసింది. దాదాపు 5.5 ఆంపియర్లకి 2.2 వోల్టులంటే 0.4 ఓమ్. నా మీటర్ వైర్లు రెండూ ఒకదానికొకటి తాకించినా 0.3 చూపిస్తుంది! ఎంత ఖరీదైన మీటరైనా బీప్‌కి వాడేది ఒకటో రెండో మిల్లీ ఆంపియర్లు. ఒక్క పోగు మిగిలినా అది పాస్ అంటుంది. లోడ్ మీద, అంటే కరెంట్ గట్టిగా పారుతుండగా, వోల్టేజ్ డ్రాప్ చూడాల్సిందే. లైట్ వెలిగించే వీలు లేని సర్క్యూట్ అయితే 21 వాట్ల ఇండికేటర్ బల్బు తగిలిస్తే 1.75 ఆంపియర్లు లాగుతుంది, అది చాలు. ఫ్లూక్ లాంటి ఖరీదైన కంపెనీ మీటర్ నాకూ ఇష్టమే, కానీ ఈ పనికి ఐదారు వందల మీటర్, ఒక బల్బు ఉంటే సరిపోతుంది.

టేప్ విప్పాను. పైన నల్ల టేప్ కొత్తదానిలా మెరుస్తోంది. దాని కింద పాత బట్ట టేప్ పొర, జిగురు కరిగి తారులా సాగుతోంది. ఆ లోపల మూడు తీగల్ని కలిపి నొక్కిన ఇత్తడి క్లిప్పు. ఒక పక్క ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి పెళుసుగా ఉంది. 5.5 ఆంపియర్లు, 2.2 వోల్టులు అంటే ఆ చిటికెన వేలి గోరంత చోట 12 వాట్ల వేడి, కాలకపోతే ఆశ్చర్యపోవాలి. తీగ తొడుగు చీలిస్తే రాగి పోగులు ఆకుపచ్చ చిలుము పట్టి, గోరుతో గీకితే పొడిగా రాలాయి. జాయింట్ నుంచి లోపలికి నాలుగు సెంటీమీటర్ల దాకా నలుపే. మెరుస్తున్న రాగి కనిపించేదాకా కోసుకుంటూ పోయాను.

తడిస్తే కాంటాక్ట్ ఎందుకు చెడుతుందన్నది మాత్రం ఊహే. ఒకటి, పాత బట్ట టేప్ నీళ్లు పీల్చి ఉబ్బి, మిగిలిన రెండు మూడు పోగుల్ని క్లిప్పు నుంచి పక్కకి లాగుతోంది. రెండు, తడి చిలుము పొడి పోగుల మధ్యకి జరిగి అడ్డుపడుతోంది, ఆరాక మళ్లీ తాకుతున్నాయి. హ్యాండిల్ తిప్పితే మారుతోంది కాబట్టి నాకు మొదటిదే ఎక్కువ సబబుగా అనిపిస్తోంది. రెండూ కలిసి కూడా ఉండొచ్చు.

రిపేర్: కొత్త 1.5 చదరపు మిల్లీమీటర్ల ఆటో కేబుల్, క్రింపు (తీగల్ని కలిపి నొక్కే లోహపు గొట్టం), వేడి చేస్తే ముడుచుకునే, జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబ్. జాయింట్‌ని కోన్‌సెట్ దగ్గర నుంచి తీసి ట్యాంక్ కిందికి, వంగని చోటికి జరిపాను. ఇప్పుడు తడి గుడ్డతో డ్రాప్ 0.04. సోల్డర్ ఎందుకు చేయలేదని అడుగుతారు. సోల్డర్ పోగుల్లోకి పాకి, ఆగిన చోట తీగ గట్టిపడుతుంది. సింగిల్ సిలిండర్ అదురుకి సరిగ్గా అక్కడే విరుగుతుంది. ఇంటి వైరింగ్‌కి వాడే తీగ కూడా వద్దు, దాని పోగులు లావు. డబ్ల్యూడీ-40 నీటిని తోసేయడానికి మంచిదే, కానీ కప్లర్‌కి (తీగల్ని కలిపే ప్లగ్) ఏడాది పొడవునా కాపలా కాయదు. ఆ పనికి సిలికాన్ గ్రీజు పలచగా రాయాలి. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్‌ని హెడ్‌లైట్ డూమ్ (లైట్ చుట్టూ ఉండే డొప్ప) వెనక పెట్టనివ్వకండి. వాన పోయలేని చోట్లకి కూడా అది నీళ్లు ఎక్కిస్తుంది.

కానీ ఇంకోటి మిగిలింది. తాళం తీసేశాక బ్యాటరీ నుంచి పోయే కరెంట్ పొడిగా 0.8 మిల్లీ ఆంపియర్లు, బండి మొత్తం తడిపితే 14. రోజుకి 0.34 ఆంపియర్ అవర్లు. వారం ముసురు పట్టి బండి బయటే ఉంటే నా 9 ఆంపియర్ అవర్ బ్యాటరీలో పావు వంతు పైనే హరీ. ఛార్జింగ్‌ని అదుపు చేసే రెగ్యులేటర్ కప్లర్ పీకితే 2కి దిగింది కాబట్టి అనుమానం దాని మీదే. అది సీటు కింద మడ్‌గార్డ్ పక్కన నోరు పైకి పెట్టుకుని ఉంది, నీరు నిలవడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు. దాన్ని పీకేసి నీళ్లు చొరని ఏఎంపీ సూపర్‌సీల్ 1.5 కప్లర్లు వేయాలి. ఒక్కో పిన్ను 14 ఆంపియర్ల దాకా తట్టుకుంటుంది, రబ్బరు సీల్ తీగ చుట్టూ కూడా ఉంటుంది. నోరు ఈసారి కిందికి.

దాంతోపాటు హెడ్‌లైట్‌కి రిలే, అంటే చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ని ఆన్ చేసే స్విచ్. బ్యాటరీ నుంచి 10 ఆంపియర్ల ఫ్యూజ్‌తో నేరుగా లైన్ లాగితే పాత తీగ మీద, ఇగ్నిషన్ స్విచ్ మీద ఆ ఐదు ఆంపియర్ల బరువు ఉండదు. రిలేలు హైదరాబాద్ పుత్లీబౌలిలో, పిన్నులూ ష్రింక్ ట్యూబూ గుజరాతీ గల్లీలో తీసుకుందామనుకుంటున్నాను. సీల్ లేని రిలే మాత్రం కొనను. బ్రాకెట్ ఎక్కడ బిగించాలన్నదే తేలలేదు, డూమ్‌లో చోటు లేదు, ట్యాంక్ కింద వేడి ఎక్కువ. ఎయిర్ ఫిల్టర్ బాక్స్ పక్కన ఖాళీ కొలిచి చూస్తాను.