నాన్న పిలిచిన స్టాపులు

ఫిట్స్ వచ్చిన మనిషి చేతిలో తాళాలగుత్తి పెట్టే అలవాటు మన వీధుల్లో ఇంకా పోలేదు. రామంతాపూర్‌లో మా పక్కింటి పెద్దమ్మ నా చేతిలోనూ పెట్టిందట. ప్రేమతోనే పెట్టింది గాని ఇనుముకు ఆ శక్తి లేదు. చేయాల్సిన పని మా వదిన చేసింది. నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టింది, నోట్లో చెంచా పెట్టబోతే వద్దంది, ఫోన్‌లో టైం చూస్తూ కూర్చుంది. ఐదు నిమిషాలు దాటితే ఇక ఆగకూడదని ఆమె ఎక్కడో విని గుర్తుపెట్టుకుంది.

అంతకు కొన్ని నెలల ముందు నుంచే సూచనలున్నాయి. నేను నారాయణగూడలో ఒక ఆడిటర్ దగ్గర పనిచేస్తాను. ఫోన్‌లో మాట్లాడుతుంటే మాట టక్కున ఆగిపోయేది, కుడిచెయ్యి దానంతటదే కొంచెం పైకి లేచేది. అరనిమిషంలో సర్దుకునేది. మార్చి నెల పని ఒత్తిడి అనుకున్నాను. మొదట చూపించుకున్న డాక్టరు కూడా అదే అని నిద్రమాత్ర రాశాడు.

ఎమ్మారైలో ఎడమవైపు, మాటను మొదలుపెట్టించే భాగానికి ఆనుకుని గడ్డ కనిపించింది. ఆపరేషన్ తర్వాత బయాప్సీలో పేరు తేలింది: ఒలిగోడెండ్రోగ్లియోమా, గ్రేడ్ 2. ఐడీహెచ్ జన్యువులో మార్పు ఉండి, 1పి, 19క్యూ అనే రెండు క్రోమోజోమ్ ముక్కలు లేకపోతేనే దానికి ఆ పేరు పెడతారు. మెదడు క్యాన్సర్లలో ఇది నెమ్మదిగా పెరిగేది, మందుకు లొంగేది. పూర్తిగా పోయిందని మాత్రం ఎవరూ రాసివ్వరు. నాకప్పుడు ఇరవయ్యారేళ్లు. "తలకాయల గడ్డనా?" అని అమ్మ ఒక్కసారి అడిగింది. ఆ తర్వాత ఆ మాట ఆమె నోట రాలేదు.

మాట ఎక్కడ ఆగుతుందో చూస్తూ కోయాలి కాబట్టి మెలకువగా ఉంచి ఆపరేషన్ చేస్తామని సర్జన్ అనగానే నాన్న కుర్చీలోంచి లేచాడు. మెదడుకు నొప్పి తెలియదు, తల పైచర్మానికి మత్తిస్తే చాలని నచ్చజెప్పారు. ఆపరేషన్‌కు ముందు బొమ్మలు చూపించి పేర్లు చెప్పించారు. నేను తడుముకున్నవన్నీ తీసేశారు. లేకపోతే రేపు బల్ల మీద నేను ఆగిపోతే తెలియక ఆగానో, మెదడు మీద పెట్టి చూసే కరెంటు తగిలి ఆగానో తేలదు కదా.

ప్రతి బొమ్మకూ ముందు 'ఇది' అనాలి. ఇది గొడుగు. ఇది పీట. సర్జన్ మెదడు మీద సన్నగా కరెంటు ఆనిస్తూ పోతున్నారు. ఒకచోట 'ఇది' వచ్చింది, దువ్వెన రాలేదు. ఎదురుగా దువ్వెన ఉంది, దానితో తల దువ్వుకుంటారని తెలుసు, పేరు మాత్రం అందదు. భయం కన్నా చిరాకే ఎక్కువ వేసింది. ఇంకోచోట 'ఇది' కూడా రాలేదు. అలాంటి చోట్ల చిన్న నంబరు కాగితాలు పెట్టి, వాటిని వదిలేసి చుట్టూ ఉన్నది తీశారు. అందుకే గడ్డ కొంచెం మిగిలింది.

మర్నాటికి నాకు మాట పోయింది. ఆ భాగంలో కోస్తే కొన్నాళ్లు అలా ఉండొచ్చనీ, వారాల్లో తిరిగి వస్తుందనీ ముందే చెప్పారు. అయినా నోరు తెరిస్తే ఏమీ రాకపోవడం ఎలా ఉంటుందో ముందు చెబితే అర్థమయ్యేది కాదు. చూడవచ్చిన చుట్టాలు నాకు చెవుడు వచ్చినట్టు గట్టిగా అరిచి మాట్లాడేవాళ్లు. నవ్వొచ్చేది, ఆ నవ్వు కూడా ముఖం మీద సగమే వచ్చేది.

అంకెలు, వారాల పేర్లు, అలా వరసగా నోటికి వచ్చేవి ముందు తిరిగొస్తాయని స్పీచ్ థెరపిస్టు చెప్పింది. నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరయ్యాడు. ఆయనకు నోటికొచ్చిన వరస ఒకటే. మంచం పక్కన నిలబడి, అచ్చం డ్యూటీలో ఉన్నట్టే, "ఉప్పల్... రామంతాపూర్..." అని పిలిచి ఆగేవాడు. నా ముఖం చూసేవాడు. మళ్లీ ఉప్పల్ నుంచి మొదలుపెట్టేవాడు. ఓ సాయంత్రం నా నోట్లోంచి "ఆరో నంబర్" అని వచ్చింది, అదే దారిలో అంబర్‌పేట స్టాపు. "ఆఁ, దిగేటోళ్లు ముందుకు రాండ్రి!" అన్నాడు. పక్క మంచం ఆయన పగలబడి నవ్వాడు. కాచిగూడ దాటి కోఠి చేరడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. అక్కణ్నుంచి మామూలు మాటలు మెల్లగా వచ్చాయి.

అమ్మ ఆసుపత్రికి రాలేదు. ఆ వాసనకే కళ్లు తిరుగుతాయి ఆమెకు. కన్నతల్లి రాలేదేమని చుట్టాలు అన్నారు. ఇంటికొచ్చాక ప్రతి రాత్రీ నా కుడి మణికట్టు మీద చెయ్యేసి పడుకునేది, చెయ్యి కదిలితే తెలుస్తుందని. నేను నీళ్లకు లేచినా "ఏమాయె బిడ్డా" అనేది. అందరూ అన్నీ చేయాలని చూడకపోవడమే మా ఇంట్లో మంచిదైంది. ఎవరి పని వాళ్లకుంది. డబ్బు సంగతి అన్న చూసుకున్నాడు. ఘట్‌కేసర్ దగ్గరి ప్లాటు అమ్మాక గాని నాకు చెప్పలేదు.

రేడియేషన్‌కు ముఖానికి వలలాంటి మాస్కు బిగిస్తారు. రోజుకు 1.8 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) చొప్పున, వారానికి ఐదు రోజులు, మొత్తం 54 గ్రే. కిరణాలు పడ్డ చోట జుట్టు రాలింది. దానికన్నా వాపు తగ్గడానికిచ్చిన డెక్సామెథసోన్ తెచ్చిన ఆకలి విపరీతం. అర్ధరాత్రి అన్న ఉప్మా చేసేవాడు, చాలా అధ్వాన్నంగా చేసేవాడు, నేను గిన్నె ఊడ్చేదాన్ని. ఫిట్స్ రాకుండా ఇచ్చిన లెవెటిరాసిటామ్ వల్ల కోపం ముంచుకొచ్చేది. వదిన డాక్టరుకు చెబితే ఆ మందుకు ఆ గుణం ఉందన్నారు.

తర్వాత టెమోజోలమైడ్ అనే కీమో మాత్రలు, 28 రోజులకోసారి ఐదు రోజులు, ఖాళీ కడుపుతో. అవి వేసుకునే ముందు వాంతుల మాత్ర. ఆ వాంతుల మాత్రతో మలబద్ధకం వస్తుందని ఎవరూ గట్టిగా చెప్పరు, నేను చెబుతున్నాను. ప్లేట్‌లెట్లు లక్షకన్నా తగ్గితే తర్వాతి విడత వాయిదా. అప్పుడు బొప్పాయి ఆకు రసం, చక్కెర మానేయడం, గోమూత్రం అంటూ సలహాలు ఇంటికి వచ్చేవి. నాన్న గుమ్మం దగ్గరే ఆపేవాడు: "డాక్టర్ టికెట్ కొట్టిందే లోపలికి వస్తది, లేకుంటే దిగుండ్రి."

ఇప్పుడు స్కాన్‌లో మిగిలిన ముక్క పెరగకుండా ఉంది. ఐడీహెచ్ మార్పు ఉన్న ఇలాంటి గడ్డలకు 2024లో అమెరికాలో అనుమతి వచ్చిన వోరాసిడెనిబ్ అనే మందు గురించి అన్న చదివి డాక్టరును అడిగాడు. మీకిప్పుడు అవసరం లేదన్నారు. ఆఫీసుకు సగం పూట వెళ్తున్నాను. స్కూటీ ఇంకా నడపనివ్వలేదు, అమ్మేద్దామని అన్న, వద్దని నేను. వచ్చేవారం మళ్లీ ఎమ్మారై. ఈసారి తను వస్తానని వదిన పట్టుబడుతోంది, పిల్లాణ్ని అన్న చూసుకుంటాడట. ఆ ఉప్మా తిని వాడేమంటాడో చూడాలి.