8606తో ఒక ఆదివారం

మార్చి 8, ఆదివారం

ఇక్కడ అమెరికాలో గడియారాలు గంట ముందుకి జరిపిన రోజు. ఇంట్లో ఎవరికీ నిద్ర చాలలేదు. పాపని కూచిపూడి క్లాసుకి తీసుకెళ్ళే వంతు ఈ వారం మా ఆయనది కాబట్టి డైనింగ్ టేబుల్ మొత్తం నాదైంది. ల్యాప్‌టాప్, జీతం వివరాలుండే డబ్ల్యూ-2లు, బ్యాంకు కాగితాలు, రిటైర్మెంట్ ఖాతాల్లోంచి తీసిన డబ్బు చూపే 1099-ఆర్‌లు రెండు పరుచుకుని కూర్చున్నాను. మా ఇంట్లో టాక్స్ రిటర్న్ నేనే చేస్తాను. ఎవరైనా సీపీఏకి, అంటే లైసెన్సున్న అకౌంటెంట్‌కి ఇచ్చేద్దామని ఆయన ఏటా అంటారు, నేను ఏటా వద్దంటాను. నాకు ఈ పని ఇష్టం. పైకి చెప్పుకోవడానికే కాస్త సిగ్గు.

ఆఫీసుల్లో జీతంలోంచి దాచుకునే రిటైర్మెంట్ ఖాతాలు, 401కెలు, ఎలాగూ ఉన్నాయి. అవి కాక, జనవరి రాగానే ఇద్దరం ట్రెడిషనల్ ఐఆర్ఏలో డబ్బు (2025లో చెరో 7,000 డాలర్లు) వేసి, కొద్ది రోజులాగి రాత్‌లోకి మార్చేస్తాం. రెండూ సొంతంగా తెరుచుకునే రిటైర్మెంట్ ఖాతాలే. ట్రెడిషనల్‌లోంచి తీసేటప్పుడు టాక్స్ పడుతుంది, టాక్స్ కట్టేసిన డబ్బు వేసే రాత్‌లోంచి తీసేటప్పుడు పడదు. నేరుగా రాత్‌లో వేయడానికి మా ఆదాయం ఒప్పుకోదు. 2025కి భార్యాభర్తలకి కలిపి 2,46,000 డాలర్ల దగ్గర ఆ దారి పూర్తిగా మూసుకుపోతుంది. మార్చుకోవడానికి మాత్రం ఏ పరిమితీ లేదు. 2010కి ముందు ఉండేది, ఆదాయం లక్ష డాలర్లు దాటితే ఈ మార్పిడి, అంటే కన్వర్షన్, కుదిరేది కాదు. వీధి తలుపు మూసి దొడ్డి తలుపు తీసి పెట్టడం ఏం చట్టమో గానీ, దొడ్డిదారిన వచ్చేవాళ్ళ చేత 8606 అనే ఫారం నింపించడం మాత్రం వాళ్ళు మర్చిపోలేదు.

సాఫ్ట్‌వేర్‌లో 1099-ఆర్ ఎక్కించగానే పై మూలనున్న కట్టాల్సిన టాక్స్ అంకె ఎర్రబడుతుంది. నా కాగితంలో, తీసిన మొత్తం రాసే 1వ గడిలో 7,003 ఉంది. టాక్స్ పడే మొత్తం రాసే 2ఎ గడిలోనూ అదే 7,003. ఆ పక్కన 2బిలో చిన్న టిక్కు ఉంటుంది, ఎవరూ చూడరు. టాక్స్ పడేది ఎంతో మేం తేల్చలేదు అని దానర్థం. ఖాతా ఉన్న కంపెనీ చేతులు దులుపుకున్న చోటు అది. 7వ గడిలో కోడ్ 2 ఉంది కాబట్టి ముందుగా తీసినందుకు పడే పదిశాతం పెనాల్టీ భయం లేదు. ఇద్దరివీ ఎక్కించేసరికి మేం కట్టాల్సింది మూడు వేల మూడు వందల పైచిలుకు పెరిగింది. కొత్తవాళ్ళకి ఇక్కడే టెన్షన్ పట్టుకుంటుంది.

ఆ అంకె దిగేది ఇంకో పేజీలో. డిడక్షన్లలోకి వెళ్ళి, ఐఆర్ఏలో వేసిన 7,000కి మినహాయింపు తీసుకోవడం లేదని చెప్పాలి. అప్పుడు వెనకాల, ఐఆర్ఏలో టాక్స్ కట్టేసిన సొమ్ము ఎంతో లెక్క చెప్పే ఫారం 8606 తయారవుతుంది. 1వ లైనులో 7,000, 6వ లైనులో డిసెంబర్ 31 నాటికి మిగిలిన ట్రెడిషనల్ ఐఆర్ఏ సొమ్ము సున్నా, 18వ లైనులో టాక్స్ పడేది 3. మార్చేలోపు వచ్చిన వడ్డీ అది. ఆయనది 2. జాయింట్ రిటర్న్ అయినా 8606లు మాత్రం ఎవరివి వాళ్ళవే. చివరికి అసలు రిటర్న్ ఫారం 1040లో, తీసిన మొత్తం రాసే 4ఎ దగ్గర 14,005, టాక్స్ పడేది రాసే 4బి దగ్గర 5 వచ్చాయి. ఆ రెండు అంకెలు పక్కపక్కన చూస్తే నాకు కాఫీ తాగినంత హాయి.

మధ్యాహ్నం డాలస్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, సాఫ్ట్‌వేర్‌లో ఏదో బగ్ ఉంది. నేను కూడా మీలాగే చేశాను. నాకేమో 6,300 మీద టాక్స్ వేస్తోంది."

"నీకు ఇంకో ఐఆర్ఏ ఉందా?"

"ఉంది. పాత కంపెనీ మానేసినప్పుడు అక్కడి 401కెని అందులోకి తెచ్చుకున్నాను. దాన్నైతే నేను ముట్టుకోలేదే."

ముట్టుకోనక్కర్లేదు. ఒక మనిషికున్న ట్రెడిషనల్ ఐఆర్ఏలన్నీ టాక్స్ శాఖ ఐఆర్ఎస్ లెక్కలో ఒకే కుండ. డిసెంబర్ 31న వాడి పాత ఖాతాలో 63,000 ఉంది. మార్చిన 7,000 కలిపితే 70,000. అందులో టాక్స్ కట్టేసిన సొమ్ము 7,000, అంటే పదో వంతు. కాబట్టి మార్చిన ప్రతి డాలరులోనూ పది సెంట్లకే టాక్స్ ఉండదు. కొత్తగా వేసిన 7,000నే మార్చానని వాదిస్తే వినేవాళ్ళు లేరు. వెనక్కి తిప్పుదామా అన్నాడు. 2018 నుంచి కన్వర్షన్‌ని వెనక్కి తిప్పనివ్వడం లేదు. మా మరదలికి పాత ఖాతాలేవీ లేవు, ఆవిడది శుభ్రంగా సున్నా వచ్చిందట. అది వాడికి ఇంకా మంట.

నువ్వు టాక్స్ కట్టేసిన 7,000లో మిగిలిన 6,300 గాలికి పోలేదురా, పాలవాడి పుస్తకంలో పోయిన నెల జమ ఈ నెలకి ఎక్కినట్టు 8606 లైను 14లో నిలబడి వచ్చే ఏడు లైను 2కి వస్తుంది అన్నాను. అలా అంటూండగానే అనుమానం వచ్చింది.

"ఇంతకుముందెప్పుడైనా ఆ ఐఆర్ఏలో నువ్వు చేతి డబ్బు వేశావా?"

కాసేపు కీబోర్డు చప్పుడు. 2021లో 6,000 వేశాడట. ఎవరో చెప్తే వేశాడు, మార్చలేదు, అక్కడే వదిలేశాడు. ఆ ఏటి రిటర్న్ తెరిపించాను. ఐఆర్ఏ డిడక్షన్ గడి ఖాళీ. 8606 అసలు లేదు. ఎవరో ప్రిపేరర్ చేసిన రిటర్న్ అది. ఆయన అడగలేదు, వీడు చెప్పలేదు.

అంటే వాడు టాక్స్ కట్టేసిన సొమ్ము 7,000 కాదు, 13,000. లెక్క మారిపోయింది. 70,000లో 13,000 అంటే మార్చిన దాంట్లో 1,300కి టాక్స్ లేదు, పడేది 5,700 మీద.

"తేడా 600 మీద టాక్సేగా, నా స్లాబులో 144 డాలర్లు. దీనికోసం 2021 ఫారం ఇప్పుడు పంపాలా? పైగా 8606 వేయనందుకు 50 డాలర్ల పెనాల్టీ అని ఇక్కడ రాసుంది."

నాకు ఒళ్ళు మండింది. ఐఆర్ఏలో ఎంత డబ్బుకి టాక్స్ కట్టేశామో ఖాతా ఉన్న కంపెనీ లెక్క పెట్టదు. మే నెలలో వాళ్ళు పంపే 5498 అనే కాగితంలో ఎంత వేశామో ఉంటుంది గానీ, మినహాయింపు తీసుకున్నామో లేదో ఉండదు. ఆ సంగతి చెప్పేది 8606 ఒక్కటే, దాన్ని వేయాల్సింది మనమే. వేయకపోతే ఆ 6,000కి జీతంలో ఒకసారి, రిటైరయ్యాక ఇంకోసారి టాక్స్ కట్టుకుంటూ కూర్చోవాలి. సరైన కారణం చూపిస్తే ఆ 50 కూడా మాఫీ చేయొచ్చు.

అసలు లాభం ఇంకోటుంది. వాడి ఇప్పటి కంపెనీ 401కె బయటి ఐఆర్ఏ డబ్బు తీసుకుంటుందేమో హెచ్‌ఆర్‌ని కనుక్కోమన్నాను. తీసుకుంటే, టాక్స్ పడని సొమ్ము మాత్రమే అందులోకి వెళ్తుంది, అంటే 51,300. మిగిలిన 11,700కి (13,000లో ఈసారి వాడిన 1,300 పోను) టాక్స్ ఎప్పుడో కట్టేశాడు కాబట్టి దాన్ని అలాగే రాత్‌లోకి మార్చుకోవచ్చు. పెరిగిన వడ్డీ ఏదైనా 401కె వైపే పంపేయాలి. ఇదంతా ఈ డిసెంబర్ 31 లోపు జరగాలి. అప్పుడు 6వ లైను వాడిది కూడా సున్నా అవుతుంది. 2021 ఫారం లేకపోతే ఈ 11,700లో 5,400 మీద హక్కు లేనట్టే. ఇది విన్నాక వాడు కాగితం, పెన్ను తెచ్చుకున్నాడు.

మా స్టేట్ రిటర్న్ ఇంకా మిగిలింది. న్యూజెర్సీ ఐఆర్ఏలో వేసిన డబ్బుకి ఎవరికీ మినహాయింపే ఇవ్వదు కాబట్టి దాని లెక్క దానిదే, వచ్చే వారం చూస్తాను. తమ్ముడు రేపే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెడతానన్నాడు. వాడి రేపు సంగతి నాకు తెలుసు. బుధవారం నేనే ఫోన్ చేస్తాను.