గుంటూరు ఎండకు తగిన మదర్‌బోర్డు

ఇండియాకు టికెట్లు తీయగానే సూట్‌కేసుల్లో ఏం పట్టుకెళ్లాలన్న చర్చ మా ఇంట్లో మొదలవుతుంది. ఈ వేసవిలో ఆ చర్చంతా కంప్యూటర్ చుట్టూనే తిరిగింది. గుంటూరులో మా అన్నయ్య కొడుకు బీటెక్‌లో చేరుతున్నాడు. విడి భాగాలు కొని తనే బిగించుకుంటానన్నాడు. డాలస్‌లో పుట్టి పెరిగిన మా అబ్బాయికి ఆ పనంటే ప్రాణం. బావ కోసం మదర్‌బోర్డు, అంటే మిగతా భాగాలన్నీ తగిలించే పెద్ద బోర్డు, ఇక్కడే కొని తీసుకెళ్దామన్నాడు.

నేను ఒప్పుకోలేదు. చాలా కంపెనీల వారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుంది. రేపు బోర్డుకు ఏదైనా అయితే గుంటూరులో ఆ పిల్లవాడు ఎవరిని అడుగుతాడు? ఇంకో కారణం నా మనసులో అంతకంటే పెద్దది. అన్నయ్య మొత్తం కంప్యూటర్‌కు 50 వేలు అనుకున్నాడు, బోర్డుకు 10 వేలు దాటే వీల్లేదు. నేనో వంద డాలర్లు కలిపితే ఈ లెక్కతో పనే ఉండదు. కావాలనే కలపలేదు. వేసవికి వచ్చే మన పిల్లల్ని అక్కడి ఇంటి ఖర్చుల మాట వినపడకుండా పెంచుతాం. అడిగింది చేతికి వస్తుంది, వాళ్లు చుట్టాల్లాగే వచ్చి చుట్టాల్లాగే వెళ్లిపోతారు. మా వాడు ఆ 50 వేల లోపలే ఆలోచించాలని, బావతో కూర్చుని పైసా పైసా చూసుకోవాలని నాకు గట్టిగా అనిపించింది.

గుంటూరు చేరాక కూడా మా వాడి పట్టు ఒక్కటే, బోర్డు ఓవర్‌క్లాకింగ్‌కు, అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన స్పీడు దాటించి నడపడానికి, పనికొచ్చేదై ఉండాలి. కరెంటు ఆఫీసులో చేసి రిటైరైన మా నాన్న అది విని, "కంపెనీవాడు ఇచ్చిన స్పీడు చాలదట్రా?" అన్నారు. వాడు కాగితం తీశాడు. "బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్ తాతయ్యా. దాన్ని 44తో మల్టిప్లై చేస్తే 4.4 గిగాహెర్ట్జ్. ఆ 44ని మనం కొంచెం పెంచుతాం, అంతే." నాన్న వెంటనే, "పెంచితే లోడు పెరుగుతుంది కదా, అప్పుడు వేడెక్కేది ఏది?" అని అడిగారు.

బోర్డు ఎంచుకునేటప్పుడు అడగాల్సిన అసలు ప్రశ్న అదే. పవర్ సప్లై నుంచి బోర్డుకు 12 వోల్టులు వస్తాయి. ప్రాసెసర్‌కు కావలసింది సుమారు 1.2 వోల్టులే. ఆ తగ్గించే పని చేసేది ప్రాసెసర్ సాకెట్ పక్కనుండే వీఆర్ఎం అనే సర్క్యూట్. వోల్టేజి అంత తక్కువ కాబట్టి 65 వాట్ల ప్రాసెసర్‌కు కూడా 50కి పైగా ఆంపియర్లు అందించాల్సి వస్తుంది. ఆ అంకె విని నాన్న కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఇక భోజనాలకు లేవమన్నా ముగ్గురిలో ఎవరూ కదలలేదు. వారాంతాల్లో మనబడికి వెళ్లి మా వాడు తెలుగు చదవడం, రాయడం నేర్చుకున్నాడు, దానికి నేను ఎప్పటికీ కృతజ్ఞురాలిని. కానీ ఎదుటి మనిషిని ఒప్పించడానికి తెలుగులో అంతసేపు మాట్లాడటం నేను అప్పుడే చూశాను.

ఇంటెల్ మాట తొందరగానే తేలిపోయింది. పేరు చివర కె ఉన్న ప్రాసెసర్, దానికి జెడ్ రకం బోర్డు రెండూ ఉంటేనే ఓవర్‌క్లాకింగ్. 50 వేలల్లో అది కుదరదు. ఇంటెల్‌కు పోటీ అయిన ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్లు చాలావరకు స్పీడు పెంచుకోవడానికి తాళం వేయకుండానే వస్తాయి, బోర్డు విషయంలోనే జాగ్రత్త పడాలి. ఏ320, ఏ520 బోర్డుల్లో ప్రాసెసర్ స్పీడు పెంచే వీలుండదు. బీ450, బీ550లలో ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు కొనే స్తోమత ఇప్పుడు లేదు కాబట్టి, గ్రాఫిక్స్ లోపలే ఉండే రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ తీసుకోవాలని ముందే అనుకున్నారు.

మా వాడు బీ550 కావాలన్నాడు. వాళ్ల బావ నెమ్మదిగా, "బీ550లో మనం ఎక్కువ డబ్బు పెట్టేది గ్రాఫిక్స్ కార్డు తగిలించే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు 4.0 కావడానికి కదా, 5600జీలో ఉన్నదే 3.0. మరి దండగ కాదా?" అన్నాడు. మా వాడు కాసేపు ఫోన్‌లో వెతికి, "కరెక్టే బావా" అన్నాడు. వీఆర్ఎం మీద వేడి లాగేసే లోహపు హీట్‌సింక్ ఉన్న బీ450 కొనాలని, మిగిలిన డబ్బు పెద్ద కూలర్‌కు పెట్టాలని తేల్చుకున్నారు. గుంటూరు ఎండకు ఆ కూలర్ తప్పదు. మామూలు కూలర్ ఏదైనా గది గాలికంటే చల్లబరచలేదు. ఏసీలో 75 డిగ్రీల దగ్గర నడిచే ప్రాసెసర్, గది పదిహేను డిగ్రీలు వేడెక్కితే తనూ దాదాపు అంతే ఎక్కుతుంది. 5600జీకి హద్దు 95. రోహిణి కార్తెలో మధ్యాహ్నం మేడ మీద గది ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

కొనడానికి అరండల్‌పేట వెళ్లాం. షాపు ఆయన బోర్డు చూపిస్తూ, "బయోస్ పాతదైతే ఈ ప్రాసెసర్‌ని గుర్తుపట్టదు బాబూ, నేను అప్‌డేట్ చేసి ఇస్తా" అన్నారు. బయోస్ అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే ముందు నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం. చేసే ముందు సిస్టమ్ యూపీఎస్ మీదే ఉందో లేదో వంగి చూసుకున్నారు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు మొత్తానికే పోవచ్చు. డాలస్‌లో మా వాడికి ఆ ఆలోచన వచ్చే అవసరమే పడలేదు. వెంటనే యూపీఎస్‌ను కూడా లిస్టులో రాశాడు.

బిగించేటప్పుడు సీలింగ్ ఫ్యాను కూడా ఆపేశారు. ప్రాసెసర్ అడుగున వెయ్యికి పైగా పిన్నులు, ఒక్కటి వంగినా కష్టమే. మా వాడు సాకెట్ లివర్ ఎత్తి పట్టుకున్నాడు. బావ మూలనున్న బంగారు రంగు త్రికోణాన్ని సాకెట్ మీది గుర్తుకు సరిచూసి వదిలాడు. నొక్కాల్సిన పనే లేకుండా అదే కూర్చుంది. నాన్న టార్చి పట్టుకుని నిలబడ్డారు.

చివరికి స్పీడును 4.6 గిగాహెర్ట్జ్ దగ్గర స్థిరంగా పెట్టేయాలన్న పట్టును మా వాడే వదులుకున్నాడు. అంత స్పీడు కోసం వోల్టేజి పెంచితే మధ్యాహ్నం పూట వేడి ఆగడం లేదు. దాని బదులు, ప్రాసెసర్ తనే వీలును బట్టి స్పీడు పెంచుకునే పీబీఓ అనే సెట్టింగ్ ఆన్ చేసి, అందులోని కర్వ్ ఆప్టిమైజర్‌లో వోల్టేజిని కొద్దికొద్దిగా తగ్గిస్తూ, ప్రతిసారీ ప్రాసెసర్ మీద పూర్తి భారం వేసే స్ట్రెస్ టెస్ట్ పెట్టి చూశారు. వోల్టేజి తగ్గితే వేడి తగ్గుతుంది, ఆ మిగిలిన వెసులుబాటులో ప్రాసెసర్ తనంతట తనే పై స్పీడును ఎక్కువసేపు నిలబెట్టుకుంటుంది. కొత్తగా మొదలుపెట్టే పిల్లలకు నేనూ ఇదే మంచిదంటాను.

ఇదివరకు గుంటూరుకు ఫోన్ చేస్తే మా వాడు "బాగున్నారా" అని ఫోన్ నాకిచ్చేసేవాడు. ఇప్పుడు వాళ్లిద్దరూ ర్యామ్ గురించి వాదించుకుంటున్నారు. 5600జీలో గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి 3600 స్పీడుది వేస్తే బాగుంటుందని మా వాడు అంటాడు. ఉన్న 3200 స్టిక్కులు రెండూ బాగానే పనిచేస్తుంటే మార్చడమెందుకని బావ. సంక్రాంతి దాకా ఆగమని అన్నయ్య చెప్పాడట.