పాస్‌పోర్టుల కట్ట

"ఇవి ఉంచాల్నా, పారేయాల్నా?" అంటూ పెద్దమ్మ నా చేతిలో పెట్టింది. రబ్బరు బ్యాండు ముట్టుకోగానే పుటుక్కున తెగింది. మూడు పాస్‌పోర్టులు.

నిన్ననే పెద్దబాపు పదకొండో రోజు అయింది. ఇవాళ కోరుట్లలో ఆయన ఇనుప పెట్టె తీశాం.

మొదటి ఫొటోలో బక్కగా, ఒత్తు జుట్టుతో, భుజాల నుంచి జారిపోతున్న కోటులో ఉన్నాడు. కోటు ఆయనది కాదట, బొంబాయిలో ఫొటో స్టూడియో వాళ్లది! అది చెప్తూ పెద్దమ్మ నవ్వింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి.

మస్కట్, కువైట్, దుబాయ్. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు అక్కడే ఉన్నాడు. బస్సుల్లో అమ్మాన్ దాకా, అక్కడి నుంచి ఎయిర్ ఇండియా విమానంలో బొంబాయికి. ఆ యుద్ధం గురించి మాకెప్పుడూ చెప్పలేదు. జోర్డాన్ ఎడారిలో రొట్టె కోసం లైన్లో నిలబడ్డ సంగతి మాత్రం, మేం అన్నం వదిలేసినప్పుడల్లా చెప్పేవాడు. సామానంతా అక్కడే పోయింది. ఇంటికి తెచ్చింది ఒక్క చేతిసంచి, అందులో అక్క కోసం కొన్న గౌను. అప్పటికే అక్కకు అది పొట్టి అయిపోయింది. అయినా రెండు పండుగలకు అదే వేసుకుందట.

పెద్దమ్మకు చదువు రాదు. స్టాంపులు లెక్కపెట్టమంది, ఇంటికి ఎన్నిసార్లు వచ్చాడో చూడమని.

"తొమ్మిది," అన్నాను.

"పది," అంది. "ఒకటి సరిగ్గా పడలేదేమో, మళ్లీ చూడు బిడ్డా."

మళ్లీ మొదటి పేజీ నుంచి చూస్తున్నా.