తెనాలి రక్తదాతల పుస్తకం: తొమ్మిది నెలల లెక్క

జనవరి 19

మా వాట్సాప్ గ్రూపులో 212 మంది ఉన్నారు. మొన్న రాత్రి తొమ్మిదిన్నరకి ఒక కాన్పు కేసుకి ఓ నెగెటివ్ రక్తం కావాలని పెట్టాను. పదకొండు లోపు 140 మంది చూశారు, 26 మంది దండం బొమ్మ పెట్టారు, ఇద్దరు "షేర్ చేశాను అన్నా" అన్నారు. ఒక్కరు కూడా బయల్దేరలేదు. చివరికి గుంటూరు బ్లడ్ బ్యాంకులోనే దొరికింది, మా ప్రమేయం ఏమీ లేకుండా.

నాకు బోసు రోడ్డు పక్క సందులో జిరాక్సు, డీటీపీ షాపు ఉంది. షాపు కట్టేశాక ఆ 212 పేర్లూ ముందేసుకుని కూర్చున్నాను. 31 మంది హైదరాబాదులో ఉంటున్నారు. ఏడుగురు అమెరికాలో. ఒకాయన పోయి ఏడాదైంది, ఆయన నంబరు మీద వాళ్లబ్బాయి పండగలకి శుభాకాంక్షలు పెడుతుంటాడు.

నలుగురు స్నేహితులం ఆదివారం క్రికెట్ మానేసి పట్టుకున్న సరదా ఇది. ఈ ఏడాది కాస్త గట్టిగా చేద్దామనుకున్నాం. గ్రూపులో తలకాయలు లెక్కపెట్టడం మానేసి, పిలిస్తే వచ్చినవాళ్లనే సభ్యులనాలని రాసుకున్నాం. ఆ లెక్కన ఇవాళ్టికి మా బలం 23.

జనవరి 26

200 పేజీల లాంగ్ బుక్ కొని గళ్లు గీశాం: పేరు, గ్రూపు, ఉండే పేట, కిందటిసారి ఇచ్చిన తేదీ, ఫోన్ ఎత్తే వేళ. ఎక్సెల్‌లో పెడదామని మావాడొకడు పట్టుబట్టాడు. సరే, అదీ ఉంది. కానీ రాత్రి పదకొండింటికి ఎవరైనా తలుపు తడితే చేతికందేది పుస్తకమే. మగవాళ్లు ఒకసారి ఇచ్చాక 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి కాబట్టి తేదీ లేకపోతే మిగతా గళ్లన్నీ దండగ.

ఫోన్ ఎత్తే వేళ అన్నది మా ఆవిడ సలహా. లారీ ట్రాన్స్‌పోర్టులో పనిచేసే కుర్రాడు రాత్రి రెండింటికి ఎత్తుతాడు, పొద్దున పదింటికి నిద్రలో ఉంటాడు. బ్యాంకు ఉద్యోగి సంగతి ఇందుకు పూర్తిగా రివర్సు.

గ్రూపు గడి దగ్గరే తల తిరిగింది. "ఓ పాజిటివ్ అనుకుంటానన్నా" అనేవాళ్లే ఎక్కువ. కొందరు డ్రైవింగ్ లైసెన్సు తీసి చదివారు. లైసెన్సు దరఖాస్తులో నోటికొచ్చిన గ్రూపు చెప్పి రాయించినవాళ్లు చాలామందే నాకు తెలుసు, ఆ దరఖాస్తులు నింపిపెట్టింది నేనే.

ఫిబ్రవరి 9

గాంధీచౌక్ దగ్గర రెండు ఫ్లెక్సీలు కట్టించాం, ఆరడుగులు నాలుగడుగులు. చట్రం, కట్టుకూలీతో కలిపి 1,150 రూపాయలు. మూడు వారాల్లో వచ్చినవి తొమ్మిది ఫోన్లు. ఆరుగురికి రక్తం కావాలి. ఇద్దరు మీది ఏ పార్టీ అని అడిగారు. ఒకరు జిరాక్సు రేటు అడిగారు. ఇస్తామన్నవాళ్లు లేరు.

పైన వరసగా మా పదకొండు మొహాలు, కింద మూలన సన్నగా ఫోన్ నంబరు. అలా పెడితే పార్టీ అనుకోక ఏమనుకుంటారు? డిజైన్ చేసింది నేనే.

మార్చి 2

ఐతానగర్‌లో ఆదివారం పొద్దున ఉచితంగా బ్లడ్ గ్రూపు చూశాం. తెలిసిన ల్యాబ్ టెక్నీషియన్ అక్క వచ్చింది. ఆవిడ పని చూస్తూ నిలబడిపోయాను. తెల్లటి పలక మీద ఒక్కొక్కరిదీ మూడు చుక్కలు పెట్టి, ఒక చుక్కలో నీలం మందు, ఒకదాంట్లో పసుపు, మూడోదాంట్లో రంగులేనిది కలుపుతుంది. పుల్లతో తిప్పి పలకను అటూ ఇటూ వంచుతుంది. కాసేపట్లో కొన్ని చుక్కలు విరిగిన పాలలా రేణువులు కడతాయి, కొన్ని నున్నగా అలాగే ఉంటాయి. నీలం దాంట్లో విరిగితే ఏ, పసుపు దాంట్లో విరిగితే బి, రెంటిలోనూ విరిగితే ఏబీ, రెండూ విరక్కపోతే ఓ. మూడో చుక్క విరిగితే పాజిటివ్. జనం చుట్టూ మూగి, తమ చుక్క ఏమవుతుందోనని లాటరీ ఫలితం చూసినట్టు చూశారు.

64 మందికి చూస్తే, అందులో 11 మందికి ఇన్నాళ్లూ తాము చెప్పుకుంటున్న గ్రూపు తప్పని తేలింది. దీనివల్ల రోగికి ప్రమాదం లేదు, బ్లడ్ బ్యాంకులో ఎలాగూ మళ్లీ పరీక్ష చేస్తారు. అర్ధరాత్రి వేరే గ్రూపు మనిషిని లేపి పరిగెత్తించడం మాత్రం తప్పుతుంది. ఖర్చు 1,350. పుస్తకంలోకి 38 పేర్లు ఎక్కాయి. జనం మన దగ్గరికి రావాలంటే ముందు వాళ్లకి పనికొచ్చేది ఏదో ఒకటి చేతిలో పెట్టాలని నాకు ఇక్కడే అర్థమైంది.

మార్చి 23

సెలూన్ అద్దాల మీద స్టిక్కర్లు. ఈ ఏడాది నాకొచ్చిన ఒకే ఒక్క మంచి ఆలోచన ఇదే అనుకుంటాను. క్షవరానికి కూర్చున్న మనిషి ఇరవై నిమిషాలు కదలకుండా అద్దంలోకి చూస్తాడు, తన మొహం తప్ప వేరే కాలక్షేపం ఉండదు. మూడంగుళాలు అయిదంగుళాల స్టిక్కరు మీద రెండే మాటలు: "మీ గ్రూపు తెలుసా? తెలియకపోతే ఆదివారం రండి, ఊరికే చూస్తాం." కింద నంబరు, పెద్దక్షరాల్లో. మొహాలు లేవు.

మారీసుపేట, చినరావూరు, నాజరుపేట కలిపి 12 సెలూన్లలో అంటించాం. 480 రూపాయలు. నెల తిరిగేలోపు 29 ఫోన్లొచ్చాయి. ఆడవాళ్ల కోసం టైలరింగ్ షాపుల్లో, బ్యూటీ పార్లర్లలో కూడా పెట్టాం కానీ అంతగా పనిచేయలేదు. టైలరు దగ్గర ఎవరూ కూర్చోరు, జాకెట్టు ఇచ్చేసి వెళ్లిపోతారు.

ఏప్రిల్ 14

పేపర్లో పడ్డాం. జిల్లా ఎడిషన్‌లో చిన్న వార్త, ఫొటోతో సహా. ప్రెస్‌నోట్ రాసేవాళ్లకి నేను నేర్చుకున్నది చెబుతాను. ఆరు వాక్యాలు మించకూడదు. ఎక్కడ, ఎప్పుడు అన్నది మొదటి వాక్యంలోనే ఉండాలి. బ్యానరు పట్టుకుని వరసగా నిలబడ్డ ఫొటో పంపితే ఎవరూ వేసుకోరు. పలక మీద చుక్కలు చూస్తున్న పిల్లాడి ఫొటో పంపితే వేశారు. విలేకరికి సాయంత్రం నాలుగు లోపు అందాలి.

అంతా బాగానే ఉంది, ఫోన్ నంబరు తప్ప. ఒకటి ఉండాల్సిన చోట ఏడు పడింది. పేపరు వాళ్లను తిడదామని ఆవేశంగా ప్రెస్‌నోట్ తెరిస్తే తప్పు అందులోనే ఉంది. రోజూ పదిమంది శుభలేఖల్లో అచ్చుతప్పులు దిద్దే మనిషిని.

ఆ నంబరు రేపల్లె దగ్గర ఒక తాపీ మేస్త్రీది. నాలుగో రోజున ఎవరినో అడిగి మా నంబరు పట్టి ఫోన్ చేశాడు. "ఏమయ్యా, నేను సిమెంటు కలుపుకోవాలా, నీ రక్తం పంచాయతీ చూసుకోవాలా?" పావుగంట వాయించాక, ఫోన్ చేసినవాళ్ల నంబర్లన్నీ పనిచేసే ఇంటి గోడ మీద బొగ్గుతో రాసి పెట్టానని, రేపు ప్లాస్టరింగ్ కాబట్టి ఈలోపే రాసుకోమని చెప్పాడు. మొత్తం 11 నంబర్లు. వాళ్లలో ఎనిమిదిమంది ఇప్పుడు పుస్తకంలో ఉన్నారు. మేస్త్రీ గారిది బి పాజిటివ్, రేపల్లె వైపు మాకున్న ఒకే ఒక్క మనిషి.

మే 11

ఇది రాయడానికి మొహం చెల్లట్లేదు. ఒక కేసు తొందరలో దాత నంబరును గ్రూపులోనే పెట్టేశాను. డిగ్రీ చదివే అమ్మాయి. వారం రోజులు తెలియని నంబర్ల నుంచి గుడ్‌నైట్ మెసేజీలు. వాళ్ల నాన్నగారు షాపుకొచ్చి, గొంతు పెంచకుండానే అడగాల్సినవన్నీ అడిగారు. ఆ అమ్మాయి మానేసింది, తనతోపాటు నలుగురు స్నేహితురాళ్లూ మానేశారు. ఆర్నెల్లు ప్రచారం చేసినా ఆ అయిదుగురిని తేలేను.

ఆ రోజు నుంచి దాత నంబరు రోగి బంధువులకి కూడా ఇవ్వం. మేమే మధ్యలో ఉండి మాట్లాడతాం. ఫొటో తీస్తే అడిగి తీస్తాం. వాట్సాప్‌లో అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చాం. ప్రతి మెసేజీకి తేదీ వేస్తాం, పని అయిపోగానే తీసేస్తాం. లేకపోతే "అర్జంట్, షేర్ చేయండి" అన్నది రోగి ఇంటికెళ్లిపోయాక కూడా ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది.

జూన్ 14

ప్రపంచ రక్తదాతల దినం. రక్తంలో గ్రూపులున్నాయని కనిపెట్టిన కార్ల్ లాండ్‌స్టైనర్ పుట్టినరోజు. క్యాంపు పెట్టలేదేమని చాలామంది అడిగారు. కావాలనే పెట్టలేదు. ఇవాళ అందరూ పెడతారు, సినిమా హీరోల పుట్టినరోజులకీ అంతే. ఎర్రకణాలు అయిదారు వారాలే నిలవుంటాయి, ప్లేట్‌లెట్లయితే అయిదు రోజులు. ఒకే రోజు ఊరంతా ఇచ్చేస్తే, ఆగస్టులో జ్వరాలు మొదలయ్యేసరికి అందరూ 90 రోజుల లెక్కలో ఇరుక్కుని ఉంటారు.

జూలై 24

ఒక డిగ్రీ కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసరు ద్వారా ప్రిన్సిపాల్‌కి ఉత్తరం పెట్టుకుని క్యాంపు చేశాం. 58 మంది వచ్చారు, 19 మందిని వెనక్కి పంపారు. హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి, బరువు కనీసం 45 కిలోలు ఉండాలి. కొందరు టిఫిన్ కూడా చేయకుండా వచ్చేశారు.

వెనక్కి పంపినవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలే. సెకండియర్ అమ్మాయికి 10.8 వచ్చింది. బిస్కెట్ల టేబుల్ దగ్గర ముడుచుకుని కూర్చుంది. నేను జ్యూసు ప్యాకెట్ ఇస్తే, "ఇచ్చినవాళ్లకే కదన్నా ఇది" అంది. కాసేపాగి, "నాకు వేరే పనేమైనా ఉంటే చెప్పండి" అంది. వెంటనే ఏం చెప్పాలో తోచలేదు. మర్నాడు ఫోన్ చేసి పుస్తకం సంగతి చెప్పాను.

ఇప్పుడు అలాంటివాళ్లు అయిదుగురు షాపులోనే కూర్చుని, షాపు ఫోన్ మీదే సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా మాట్లాడతారు. మా సంఖ్య నిజంగా పెరిగింది వాళ్లొచ్చాకే. అందరికీ కలిపి ఒక మెసేజీ పెట్టరు, ఒక్కరికే ఫోన్ చేస్తారు: "ఎల్లుండి పొద్దున తొమ్మిదికి, ఫలానా చోట, బి పాజిటివ్ ఒక యూనిట్. మీరు రాగలరా?" అవుననో కాదనో చెప్పక తప్పదు. ఇచ్చిన మర్నాడు మళ్లీ చేసి "చెయ్యి నొప్పిగా లేదు కదండీ?" అంటారు. ఇంతకుముందు పదిమందికి చేస్తే ఇద్దరొచ్చేవాళ్లు, ఇప్పుడు నలుగురొస్తున్నారు.

సెప్టెంబరు 21

డెంగీ రోజులు. ప్లేట్‌లెట్ల కోసం రోజూ ఫోన్లే. అంతకన్నా చికాకు ఇంకోటి: ఎవరో మా గ్రూపు పేరు చెప్పి, దాతకి దారిఖర్చులని ఒక కుటుంబం దగ్గర 2,000 తీసుకున్నాడు. డబ్బుకి రక్తం అమ్ముకోవడం 1998 జనవరి 1 నుంచి దేశమంతటా నిషేధం, అయినా అవసరంలో ఉన్నవాళ్లు అడిగింది ఇచ్చేస్తారు. ఇప్పుడు మా ప్రతి మెసేజీలో మొదటి వాక్యం ఒకటే: "మా పేరు మీద ఎవరికీ రూపాయి ఇవ్వొద్దు. బ్లడ్ బ్యాంకు ప్రాసెసింగ్ చార్జీ ఉంటే కౌంటర్లో కట్టి రసీదు తీసుకోండి."

అక్టోబరు 1

జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం కాబట్టి లెక్క చూశాం. పుస్తకంలో 187 పేర్లు, అందరిదీ పరీక్ష చేసిన గ్రూపే. పిలిస్తే కనీసం ఒకసారి వచ్చినవాళ్లు 94. ఖర్చు 8,460. నలుగురం నెలకు తలా 250 వేసుకుంటాం, అందులోనే సరిపెట్టాం.

మా గ్రూపుని సంఘంగా రిజిస్ట్రేషన్ చేయించడం మీద మాత్రం రెండు గంటలు వాదించుకున్నాం. 2001 సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు ఉండాలి, మనుషులకి కొదవ లేదు. అధ్యక్షుడెవరు అన్న దగ్గర టీలు చల్లారిపోయాయి. సంక్రాంతి దాకా వాయిదా.

కొల్లిపర వైపు ఒక్క ఏబీ నెగెటివ్ కూడా లేరు. ఆదివారం అక్కడి సెలూన్లకి స్టిక్కర్లు పట్టుకెళ్తున్నాను. ఈసారి నంబరు మేస్త్రీ గారికి ఫోన్లో చదివి వినిపించాకే ప్రింటుకిచ్చాను.