‘నా స్వభావమే అంత’ అనేవాళ్లు దాటేసే ముప్పై నాలుగో శ్లోకం

భగవద్గీత మూడో అధ్యాయం కర్మయోగంలో ముప్పై మూడో శ్లోకం మనవాళ్లకు తెగ నచ్చింది. ఎందుకు నచ్చిందన్నదే బాధ.

సదృశం చేష్టతే స్వస్యాః ప్రకృతేర్జ్ఞానవానపి
ప్రకృతిం యాంతి భూతాని నిగ్రహః కిం కరిష్యతి

జ్ఞానవంతుడే తన ప్రకృతికి తగ్గట్టు నడుస్తాడు, ఇక నిగ్రహం ఏం చేస్తుందని సాక్షాత్తు స్వామే అన్నాడు కదా! పిల్లల మీద అరిచే తండ్రికీ, కోడల్ని ఏళ్ల తరబడి సూటిపోటి మాటలతో పొడిచే అత్తగారికీ ఇంతకంటే మంచి వకీలు ఎక్కడ దొరుకుతాడు? దానికి తోడు ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు’ అని సామెత ఒకటి. ఈ రెండూ అప్పజెప్పి పూజగదిలోకి వెళ్లి గంట వాయిస్తారు.

శాస్త్రం ప్రకారం చూస్తే ఆ బుద్ధి పుడకలతోనూ పోదు. గాలి పూల వాసనను మోసుకుపోయినట్టు జీవుడు మనసునూ ఇంద్రియాలనూ వెంటబెట్టుకునే పోతాడని పదిహేనో అధ్యాయం చెప్పనే చెప్పింది. చితి మీద వదిలిపోతుందని ధీమాగా కూర్చునే వీలు లేదు.

పేజీ తిప్పక్కర్లేదు, కింది శ్లోకం చదివితే చాలు.

ఇంద్రియస్యేంద్రియస్యార్థే రాగద్వేషౌ వ్యవస్థితౌ
తయోర్న వశమాగచ్ఛేత్ తౌ హ్యస్య పరిపంథినౌ

ప్రతి ఇంద్రియానికీ దాని విషయం మీద ఇష్టమూ ద్వేషమూ ఉండనే ఉన్నాయి, వాటికి లొంగకూడదు, అవి మనిషికి దారిలో శత్రువులు అని దీని అర్థం. ఈ రెండు శ్లోకాల మధ్యా శంకర భగవత్పాదులు తమ గీతాభాష్యంలో ఒక ప్రశ్న నిలబెట్టారు. ప్రతి ప్రాణీ తన ప్రకృతి ప్రకారమే నడుస్తుంటే, ప్రకృతి లేనివాడంటూ ఎవడూ లేకపోతే, మనిషి ప్రయత్నానికి చోటెక్కడ? శాస్త్రం ఎవరికి? ముప్పై నాలుగో శ్లోకం దానికి జవాబు అంటారాయన. ప్రకృతి మనల్ని తిన్నగా మెడబట్టి నెట్టదట. ఇష్టాన్నీ ద్వేషాన్నీ ముందు నడిపించి, వాటి చేతే పని జరిపిస్తుందట. అందుకని పట్టుకోవలసింది ప్రకృతిని కాదు, ముందు నడిచే ఆ ఇద్దర్ని. ‘పరిపంథి’కి ఆయన ఇచ్చిన పోలిక దారికాచే దొంగలు. దొంగ మీద పడ్డాక పెనుగులాడటం వేరు, ఆ మలుపు దగ్గర పొంచి ఉంటాడని తెలిసి ముందే మేలుకోవడం వేరు. భాష్యంలో ‘పూర్వమేవ’, ముందుగానే, అన్న మాట అందుకే. కోపం నాలుక మీదికి వచ్చాక నిగ్రహం నిజంగానే ఏమీ చేయలేదు, ఆ మేరకు ముప్పై మూడో శ్లోకం అక్షరాలా సత్యం.

అసలు ప్రకృతి అంటే ఏమిటని ఆయన చెప్పారో చూడండి. పూర్వం చేసిన ధర్మాధర్మాల సంస్కారం ఈ జన్మ మొదట్లో పైకి తేలడమే ప్రకృతి. అంటే పుట్టుబుద్ధి అని మనం చేతులెత్తేసేది కూడా ఒకప్పటి నడతే, గడ్డకట్టి కనిపిస్తోందంతే. గడ్డకట్టింది పాతది, దాని మీద రోజూ పడుతున్నది కొత్తది. కొత్తది ఎలా పట్టాలో పాతది నిర్ణయించాలని చూస్తుంది, నిర్ణయించనిస్తామా లేదా అన్నది మన చేతిలో ఉంది. పుట్టుక పేరు చెప్పి పక్కన పెట్టడం విదురుడికీ తప్పలేదు, కర్ణుడికీ తప్పలేదు. దాసీపుత్రుడని ఒకరికి సింహాసనం లేదన్నారు, సూతపుత్రుడని ఇంకొకరిని రంగస్థలంలో కులం అడిగి కొరడా పట్టుకోమన్నారు. విదురుడు ఆ దెబ్బను ధర్మం వైపు తిప్పుకున్నాడు. కర్ణుడు దాన్ని కడదాకా కడుపులో పెట్టుకుని, అంత దానశీలి అయి ఉండీ, ద్యూతసభలో అనకూడని మాట అన్నాడు. తగిలిన గాయం ఒకలాంటిదే. ప్రతి రాత్రీ దాన్ని ఎక్కడ దాచుకున్నారన్నదే తేడా.

ఆ ‘ప్రతి రాత్రీ’ కోసమే సంధ్యావందనంలో ఒక చిన్న మెట్టు ఉంది. మంత్రాచమనం, అంటే మంత్రం చెప్పి చేతిలోని నీళ్లు పుచ్చుకోవడం. అర్ఘ్యానికీ గాయత్రికీ ఇచ్చే శ్రద్ధలో పదో వంతు కూడా దీనికి ఇవ్వరు. పంచపాత్ర, ఉద్ధరిణి ముందు పెట్టుకుని గుక్కెడు నీళ్లు గటగటా తాగి అరివేణం పళ్లెంలో చెయ్యి దులుపుకుంటారు. నీళ్లు మినపగింజ మునిగేటన్నే. చెయ్యి గోకర్ణంలా వంచి, మధ్య మూడు వేళ్లు కలిపి, బొటనవేలూ చిటికెనవేలూ విడిగా ఉంచి, బొటనవేలి మొదట నుంచి చప్పుడు కాకుండా తీసుకోవాలి. తీసుకునేది మంత్రం చివర ‘స్వాహా’ అన్నాకే. ముందే తాగేసి మంత్రం తర్వాత గొణిగితే అది దాహం తీర్చుకోవడం.

పొద్దున ‘సూర్యశ్చ మా మన్యుశ్చ మన్యుపతయశ్చ మన్యుకృతేభ్యః పాపేభ్యో రక్షంతామ్’. సాయంత్రం సూర్యుడి చోట అగ్ని. మన్యువంటే కోపం. ఎవరి నుంచి కాపాడమంటున్నామో ఆ మన్యువునే కాపాడమని అడుగుతున్నాం! కోపాన్ని చంపమనలేదు, తిట్టలేదు. ఋగ్వేదం పదో మండలంలో రెండు సూక్తాలు మన్యువుకే ఉన్నాయి, యుద్ధంలో తోడు రమ్మని పిలుస్తూ. తీక్ష్ణ స్వభావం వరమే. అది ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న.

తర్వాత ‘యద్రాత్ర్యా పాపమకార్షమ్’. రాత్రి చేసినది, అంతే. సాయంత్రమైతే ‘యదహ్నా’, పగలు చేసినది. జన్మజన్మల పద్దు ఈ మంత్రం విప్పదు, పన్నెండు గంటల లెక్కే. నిన్నటి మాట ఇవాళ్టికి మిగిలితే అది జ్ఞాపకం, నెలల తరబడి నెమరేస్తే వాసన, అంటే మనసుకు అంటుకున్న సంస్కారం, ఏళ్లు గడిస్తే ‘నా స్వభావమే అంత’. గడ్డకట్టకముందే కడగడానికే ఈ చిన్న గడువు. లెక్క వరుస కూడా ఉంది: మనసా, వాచా, హస్తాభ్యామ్, పద్భ్యామ్, ఉదరేణ, శిశ్నా. మనసు, మాట, చేతులు, కాళ్లు, కడుపు, గుహ్యేంద్రియం. కోపం దిగే దారీ అదేగా. ముందు తలపు, ఆపైన మాట, ఆ తర్వాత చెయ్యి. మాటలో దొరికితే రేపు తలపు దగ్గరే కాపు కాయాలని తెలుస్తుంది.

మంత్రంలో రెండు మాటలు పక్కపక్కనే ఎందుకున్నాయో ఎవరూ ఆగి చూడరు. ‘మన్యుకృతేభ్యః’, కోపం చేసినవి. ‘అకార్షమ్’, నేను చేశాను. విరుద్ధంగా లేవూ? ఇవి రెండు రకాల మనుషులకు రెండు మందులు. తప్పెప్పుడూ ఎదుటివాడిదే అనే స్వభావానికి ‘అకార్షమ్’ దగ్గర గొంతు ఆగాలి. అరిచింది నేను, వాడు రెచ్చగొట్టాడన్నది వాడి సంధ్యలో తేలే లెక్క. ఇంకో రకం ఉంటారు. చిన్నప్పటి నుంచి తిట్లు తిని పెరిగి, ఇంట్లో గ్లాసు పగిలినా తమ ఖర్మే అని కుంగిపోయేవాళ్లు. వాళ్లు ‘మన్యుకృతేభ్యః’ను గట్టిగా పట్టుకోవాలి. వచ్చి పోయిన ఒక వేగం చేసిన పని అది, మీరే ఆ పాపం కారు. ఈ మందులు తారుమారు చేసుకుంటే జబ్బు ముదురుతుంది. కోపిష్టి ‘మన్యువే చేశాడు’ అని తప్పుకుంటాడు, దిగులు మనిషి ‘అకార్షమ్’ అని ఇంకా కుంగుతాడు. మంత్రం చివర ఇద్దరూ ‘జుహోమి’, ఆహుతి ఇస్తున్నాను, అని ఆ పాపాన్ని తమతో సహా వేల్చేస్తున్నారు. వేల్చినది మళ్లీ కుండంలోంచి ఏరుకోకూడదు. ‘ఆ రోజు నువ్వన్నావు చూడూ’ అని భోజనాల దగ్గర తీయడం ఏరుకోవడమే.

ఉపనయనం లేనివాళ్లకు, ఆడవాళ్లకు ఇందులో ఏముందని అడగొద్దు. సందెవేళ దీపం పెట్టి అయిదు నిమిషాలు కూర్చోండి. మనసు నుంచి మొదలుపెట్టి మంత్రంలోని ఆ ఆరు అంశాల వరుసలోనే పగలంతా చూసుకోండి. ఒక్క సంఘటన చాలు. దాని ముందు కదిలింది ఇష్టమా, ద్వేషమా? అప్పటికి కడుపు ఖాళీగా ఉందా? నిద్ర చాలిందా? పది రోజులు చూస్తే దొంగ కాసే మలుపు ఏదో తేలుతుంది. చాలామందికి అది ఒకే వేళ, ఒకే మనిషి, ఒకే మాట. ఆ మలుపుకు ముందే ప్రతిపక్షభావన పెట్టుకోవాలి, అంటే ఆ తలపుకు ఎదురు తలపు. ఇక్కడ జరిగే పొరపాటల్లా ఆ అయిదు నిమిషాల్లో ఎదుటివాళ్ల తప్పులు లెక్కపెట్టడం.

కార్తీక సోమవారాల మాట. పిత్త ప్రకృతి వాళ్లకు ఆకలీ దాహమూ తీక్ష్ణంగా ఉంటాయని ఆయుర్వేదం చెబుతుంది. అలాంటి మనిషి చుక్క నీళ్లు ముట్టకుండా నక్షత్రదర్శనం దాకా ఉండి, మధ్యాహ్నం మూడింటికల్లా ఇల్లంతా వణికించి, రాత్రి దీపం పెట్టి భోంచేస్తే అందులో ఎండింది కడుపు, పండింది మన్యువు. నీళ్లు, దుంపలు, పండ్లు, పాలు వ్రతాన్ని చెరపవని స్మృతివాక్యం ఉంది. మీ శరీరతత్వం తెలుసుకుని పదకొండింటికి గ్లాసు పాలు, మూడింటికి ఒక పండు పెట్టుకోండి. కఫ ప్రకృతి వాళ్లు ఆకలికి సులువుగా ఓర్చుకుంటారు, వాళ్లకు తిండి మానడం పెద్ద తపస్సేమీ కాదు. పగటి నిద్ర మానమనండి, అక్కడ తెలుస్తుంది.

మాల వేసుకున్న నలభై ఒక్క రోజులూ ఎదుటివాణ్ణి స్వామీ అని పిలిచే నోరు, మాల తీసిన మర్నాడు పొద్దున్నే ‘ఏయ్, కాఫీ ఏదీ’ అంటే ఏమనాలి? అభ్యాసం గట్టిపడాలంటే దీర్ఘకాలం, ఎడతెగకుండా, ఆదరంతో జరగాలని యోగసూత్రం. మాల తీసే రోజున ఒక్క నియమం మిగుల్చుకోండి. చన్నీళ్ల స్నానమో నేలపడకో కాదు, అవి మీకు ఎప్పుడో అలవాటయ్యాయి. మీ దారిదొంగకు తగిలేది మిగుల్చుకోండి. నోరు జారే మనిషికి ‘స్వామీ’ అన్న ఆ పిలుపు. చెయ్యి ముడుచుకునే మనిషికి అన్నదానం.

వారాల తరబడి నిద్ర పట్టక, అన్నం సయించక, బతుకు మీదే విరక్తి కలుగుతుంటే దాన్ని వైరాగ్యమని పొరపడి ఉపవాసాలు పెంచుకోకండి. ఇంట్లోవాళ్లూ ‘ఇంకో దీక్ష పట్టు, అదే సర్దుకుంటుంది’ అని పంపేయకండి. డాక్టరుకు చూపించండి, రాసిచ్చిన మాత్రలు సోమవారమైనా ఏకాదశైనా వేళకు వేయండి. వ్రతాన్ని చెరపనివి ఎనిమిదని చెప్పే ఆ శ్లోకంలో ఎనిమిదోది ఔషధమే.